ముఖం ఉన్న ఫిర్యాదు

మేడ మీది అద్దె గది,
బడి తెరిచిన మూడో వారం

అమ్మమ్మకు,

నమస్కారాలు. ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఫోనులో నువ్వు "ఊఁ, సరే" అని పెట్టేస్తావు. కాగితం చేతికిస్తే మాత్రం దిద్దకుండా ఉండలేవు. నాకిప్పుడు దిద్దే మనిషి కావాలి.

తొమ్మిదో తరగతికి అలంకారాలు చెబుతున్నాను. ఉపమకు పాఠ్యపుస్తకంలో ఉన్న ఉదాహరణే చెప్పాను, ముఖం చంద్రబింబంలా ఉందని. చివరి బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. "గుండ్రంగా, మచ్చలతో ఉంటే అందమేంటి టీచర్?" అంది. తరగతంతా గొల్లుమంది. ఆ పిల్ల నోరు విప్పితే వరండా చివరిదాకా ఖంగుమని వినిపిస్తుంది. అందుకే అందరూ గంట అని పిలుస్తారు. నేను కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాను, కోప్పడకు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆలోచించాను. వీళ్ళకు పోలికలు రాక కాదు. పోల్చి చెప్పాల్సిన అవసరం లేక. నిజంగా ఏదైనా కావాలనుకుని అడగాల్సి వస్తే మాటలు వాటంతట అవే పదునెక్కుతాయి కదా? "మీకు ఏం కావాలి?" అని అడిగాను. సెలవులు, ఫ్యాన్లు, లెక్కల మాస్టారి బదిలీ అన్నీ అయ్యాక ఒక మంచి మాట బయటపడింది. చాలామందివి రెండు గదుల ఇళ్ళు. చదువుకోవడానికి మూల దొరకదు. బడి అయ్యాక పురపాలక పఠన మందిరానికి పరుగెత్తుతారు. వీళ్ళు వెళ్ళి పుస్తకం తెరిచేసరికి అక్కడి అటెండరు చీపురు తీస్తాడు. ఐదింటికి మూసేస్తారు. రాత్రి ఎనిమిదిదాకా తెరిచి ఉంచాలని వీళ్ళ కోరిక.

అందుకని ఈ మూడు నెలలూ అదే మా పాఠం. అర్జీ, గోడపత్రికలు, ఉపన్యాసం, చివర కమిషనరు ఆఫీసుదాకా ఊరేగింపు. హెడ్మాస్టరు ఒప్పుకున్నారు. "మన బడి పేరు పేపర్లోకెక్కాలి గానీ పోలీసు స్టేషన్లోకి కాదమ్మా, చూసుకోండి" అన్నారు.

పిల్లల మొదటి అర్జీ జతచేశాను. "సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా" అంటూ నీళ్ళ కనెక్షన్ దరఖాస్తులా ఉంది. నువ్వు వక్తృత్వం నేర్పిన పిల్లలు తెచ్చిన కప్పులతో బడి బీరువా తలుపులు మూతపడేవి కావని అమ్మ చెబుతుంటుంది. ఆ విద్య కాస్త ఈ ఊరికీ పంపు.

నీ
గడుగ్గాయి


కింది వాటా, కిటికీ పక్క బల్ల

గడుగ్గాయికి,

ఆశీస్సులు. అర్జీ అందింది, దిద్ది తిప్పి పంపుతున్నాను. ఎర్ర సిరా చూసి ఏడవద్దని పిల్లలతో చెప్పు. ఎర్ర సిరా లేకుండా తిరిగొచ్చే కాగితం ఎవరూ చదవని కాగితం.

నీ ఆలోచన మంచిదే. బజారుకెళ్ళి బేరమాడిన పిల్లకు కూడిక, తీసివేత విడిగా చెప్పక్కర్లేదు. కానీ అర్జీ నిండా "సౌకర్యం", "నిర్లక్ష్యం", "వేళల పొడిగింపు" తప్ప ఇంకేమీ లేవు. వీటికి కళ్ళూ ముక్కూ ఉన్నాయా? ముఖం లేని ఫిర్యాదు వైపు ఎవడూ రెండోసారి చూడడు. నా దగ్గర చదివినవాళ్ళందరికీ మొదటిరోజే చెప్పేదాన్ని: నీ కష్టానికి ఒక ముఖం పెట్టు, వినేవాడు దాన్ని వేలెత్తి చూపించగలగాలి అని. "మాకు చదువుకునే వేళ లేదు" అంటే అది సమాచారం. "నేను లెక్క సగం చేస్తుండగా నా తల మీది దీపం ఆరిపోయింది" అంటే వినేవాడు కూర్చున్న కుర్చీలో కదులుతాడు.

రెండో సంగతి. అర్జీలో "అయితే", "ఒకవేళ", "వారి ఇబ్బందులు మాకు తెలుసు" అని పదేపదే వచ్చాయి. అన్నీ కొట్టేశాను. వాదాన్ని పలచన చేసేది ఏదైనా కొట్టెయ్. ఎదుటివాడి పక్షం ఎదుటివాడు చెప్పుకుంటాడు. దాన్ని కూడా మీరే మోసుకెళ్ళి అప్పజెప్పక్కర్లేదు.

ఆ గంట అనే పిల్లను ముందు బెంచీకి మార్చు. అలాంటి పిల్లలు చివర కూర్చుంటే వాళ్ళ తెలివంతా పక్కవాళ్ళను నవ్వించడానికే ఖర్చయిపోతుంది.

నా మోకాళ్ళు బాగున్నాయి. మీ అమ్మ వేరేలా చెబితే నమ్మకు.

అమ్మమ్మ


మేడ మీది అద్దె గది,
వానలు తగ్గిన వారం

అమ్మమ్మకు,

నీ ఎర్ర సిరా తరగతి గోడకు అంటించాను. "మీ అమ్మమ్మ దగ్గర చదువుకున్నవాళ్ళు బతికే ఉన్నారా టీచర్?" అని అడిగారు. ఉన్నారని, కప్పులు కూడా తెచ్చారని చెప్పాను.

మొన్న జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను. "ఫిర్యాదుకు ముఖం పెట్టాలి. మిమ్మల్ని ఆపుతున్నదేంటి?" అని అడిగాను. "తాళం టీచర్" అన్నారు. "ఆ తాళం ఎలా ఉంటుంది?" అన్నాను. ఒకడు ఇత్తడిది అన్నాడు, ఒకడు తుప్పు పట్టింది అన్నాడు. గంట లేచి, ముఖం ఏమాత్రం మార్చకుండా, "మీసాలుంటాయి టీచర్" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత బెంచీలు కదిలిపోయేలా నవ్వారు. ఆ అటెండరుకు పెదవి కనపడనంత మీసం ఉంది. నేను బోర్డు మీద రాశాను: ఇదే రూపకం. తాళంలాంటి మనిషి కాదు, మనిషే తాళం. వాళ్ళకు ఇక జన్మలో ఉపమకీ రూపకానికీ తేడా చెప్పక్కర్లేదు. ఆ ఊపులో అతిశయోక్తి కూడా వచ్చేసింది: "ఐదైతే చాలు, చెత్తతో పాటు మమ్మల్నీ ఊడ్చి పారేస్తాడు!"

గోడపత్రిక మీద పెద్ద తాళం బొమ్మ. కింద గుబురు మీసాలు, దాని కింద నోరులా తాళంచెవి కన్నం. "మీసాల తాళం మా చదువు మింగేసింది" అని రాశారు. మందుల కొట్టతను తనే జిగురిచ్చి తన షట్టరు పక్కన అంటించుకున్నాడు. బస్టాపులో నిలబడ్డవాళ్ళు చదివి నవ్వుతున్నారు. నవ్వాక "నిజమే కదా, పిల్లలు ఎక్కడ చదువుకుంటారు?" అంటున్నారు. నువ్వు చెప్పిన వేలెత్తి చూపించడం అంటే ఇదే కదా!

ఒకడు మాత్రం, "ఆయన మొన్న నాకు అట్లాసు ఇంటికిచ్చాడు టీచర్, ఇవ్వకూడదంట, అయినా ఇచ్చాడు" అని నసిగాడు. "అది ఇంకో వ్యాసంలో రాద్దువుగానిలే" అన్నాను. పలచన చేసేది కొట్టెయ్యమన్నావుగా.

వచ్చే వారం ఊరేగింపు. ఉపన్యాసం గంటదే. చిత్తుప్రతి పంపుతున్నాను.

నీ
గడుగ్గాయి


కింది వాటా, కిటికీ పక్క బల్ల

గడుగ్గాయికి,

ఆశీస్సులు. ఉపన్యాసం చదివాను. చాలా ఏళ్ళ తరువాత ఒక పిల్ల రాసింది చదివి గట్టిగా నవ్వాను. మీ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఏమైందోనని.

రెండు చోట్ల మాత్రమే దిద్దాను. "మింగేసింది" అన్నాక "నాశనం చేసింది" అక్కర్లేదు. మింగిన తరువాత మిగిలేదేముంది? చివర చప్పట్లు అడుక్కునే వాక్యం తీసేశాను. ఊరుకుంటే వాళ్ళే కొడతారు. "తాళం" అన్న ప్రతిసారీ కాస్త ఆగమను. జనం మీసాలను తలుచుకోవడానికి ఆ మాత్రం సందు ఇవ్వాలి.

ఇలాంటి పిల్ల నా కాలంలో దొరికి ఉంటే ఇంకో బీరువా కొనాల్సి వచ్చేది.

ఒక్క మాట. ఆ మీసాలాయన ఈ బొమ్మ చూశాడా? ఏమన్నాడు?

అమ్మమ్మ


మేడ మీది అద్దె గది

అమ్మమ్మకు,

గెలిచాం!

ఊరేగింపుకు మా తరగతి మాత్రమే కాదు, పక్క బడి పిల్లలు కూడా వచ్చారు. గంట మెట్ల మీద నిలబడి మాట్లాడింది. మైకు ఇస్తామన్నా తీసుకోలేదు. నువ్వు చెప్పిన చోటల్లా ఆగింది. ఆగిన ప్రతిసారీ జనమే "మీసాల తాళం!" అని అందుకున్నారు. కమిషనరు బయటికొచ్చి, నవ్వు ఆపుకోలేక, పిల్లలతో ఫొటో దిగారు. నాలుగు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. పఠన మందిరం రాత్రి ఎనిమిదిదాకా తెరిచి ఉంటుంది. నిన్న సాయంత్రం వెళ్ళి చూశాను, ఒక్క కుర్చీ ఖాళీ లేదు. బల్లల మీద దీపాలు, వంచిన తలలు. నా కళ్ళు చెమర్చాయి.

హెడ్మాస్టరు దీన్ని మాదిరి పాఠంగా మిగతా బళ్ళకు చూపిద్దామంటున్నారు. పత్రికలో వచ్చిన ముక్క కత్తిరించి పంపుతున్నాను, దాచుకో.

పరీక్ష పేపర్లు దిద్దాలి. ఉంటాను.

నీ
గడుగ్గాయి


కింది వాటా

ఉపాధ్యాయురాలికి,

పత్రిక ముక్క అందింది. ఫొటో బాగుంది. కింది భాగంలో చివరి వాక్యం "ఇదిలా ఉండగా, విధుల్లో" అని ఆగిపోయింది. కత్తెర అక్కడ అడ్డంగా పోయింది. మిగతా మూడు వైపులా గీత గీసినట్టు తిన్నగా కత్తిరించావు. చిన్నప్పటి నుంచీ నీ కత్తిరింపు చక్కగానే ఉంటుంది.

మీ ఊరి నుంచి వచ్చే బస్సు డ్రైవరును అడిగి ఆ రోజు పత్రిక మొత్తం తెప్పించాను. వాక్యం ఇది: "ఇదిలా ఉండగా, విధుల్లో విద్యార్థుల పట్ల నిర్లక్ష్యంగా వ్యవహరించినట్టు ఆరోపణలు వచ్చిన పఠన మందిరం కాంట్రాక్టు అటెండరును తొలగించినట్టు కమిషనరు తెలిపారు."

కిందటి ఉత్తరంలో నేనొక ప్రశ్న అడిగాను. జవాబు రాలేదు. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. ఆ మనిషి ఏమన్నాడు?

అమ్మమ్మ


మేడ మీది అద్దె గది,
ఆదివారం

అమ్మమ్మకు,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మొదట చింపినదాంట్లో, మేం ఆయన్ని తీసెయ్యమని ఎక్కడా అడగలేదని రాశాను. అది నిజమే. అర్జీలో ఆ మాట లేదు. వేళలు పెంచమన్నాం, అంతే. కమిషనరుకు ఎవరినో ఒకరిని శిక్షించినట్టు కనిపించడం కావాలి. వేళలు పెట్టింది ఆయన ఆఫీసేనని ఒప్పుకోవడంకన్నా కాంట్రాక్టు మనిషిని పంపెయ్యడం తేలిక. రెండో ఉత్తరంలో కమిషనరును తిట్టాను. మూడోదాంట్లో నిన్ను తిట్టాను. ముఖం పెట్టమన్నది నువ్వేనని.

ఇది నాలుగోది. ఇందులో నిజం రాస్తాను.

బడి తెరిచిన రెండో వారంలో, ఈ పాఠం అనుకోకముందే, నేను ఆ పఠన మందిరానికి వెళ్ళాను. "ఐదింటికే మూసేస్తారేంటండీ?" అని ఆయన్ని అడిగాను.

"బోర్డు మీద రాసిందే నేను చేసేది తల్లీ" అన్నాడు. "పైనుంచి ఒక్క కాగితం తెప్పించండి, తొమ్మిదిదాకా కూర్చుంటా. పెందలాడే ఇంటికెళ్తే మా ఆవిడ కూరగాయలు తరగమంటుంది. నాకూ తప్పుతుంది" అని నవ్వాడు.

అంటే నాకు ముందే తెలుసు. పిల్లలకు తెలియదు. ఆ మాట చెబితే వాళ్ళ కోపం చల్లారిపోతుందని, బొమ్మలో బలం పోతుందని చెప్పలేదు. ఆ తరువాత రెండు మూడుసార్లు వెళ్ళినప్పుడు ఇంకోటి కూడా చూశాను. ఆయన ఊడవడం చివరి వరస నుంచి మొదలుపెట్టేవాడు. పిల్లలు కూర్చున్న బల్ల దగ్గరికి అన్నిటికన్నా ఆఖరున వచ్చేవాడు. గడియారం ఐదు దాటిపోయేది. ఆయన తొందరపడేవాడు కాదు. ఆ చీపురే మా అతిశయోక్తికి ముడిసరుకైంది.

నువ్వు అడిగిన దానికి జవాబు: ఆయన ఏమన్నాడో నాకు తెలియదు. గోడపత్రికలు అంటించాక నేను ఆ వైపు వెళ్ళలేదు. దీపాలు చూడ్డానికి వెళ్ళేనాటికి కుర్చీలో కొత్తతను ఉన్నాడు.

ఏం చెయ్యాలో చెప్పు.

నేను


కింది వాటా, కిటికీ పక్క బల్ల

మనవరాలికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు జవాబు రాయలేదు. కోపంలో రాసింది తరువాత దిద్దినా కోపంగానే ఉంటుంది.

ఎవరి వాటా ఎంతో ముందు తేలుద్దాం. పిల్లల వాటా ఒక నవ్వు. ఆ వయసులో ఆ పోలిక తట్టకపోతేనే విచిత్రం. తట్టినందుకు వాళ్ళను ఒక్క మాట అనకు. కమిషనరు వాటా పెద్దదే. కానీ అది ఆయన ఖాతా, మనం దిద్దలేం. నీ వాటా, తెలిసి దాచడం. దాన్ని తగ్గించి రాయలేను. దాచమని నేను చెప్పలేదు, పలచన చేసేది కొట్టెయ్యమన్నాను. నువ్వు నా మాట సరిగ్గానే విన్నావు. అక్కడే నా వాటా మొదలవుతుంది.

అన్నేళ్ళూ నేను నేర్పింది పోటీల కోసం. వేదిక మీద అటు పక్షం, ఇటు పక్షం. ఎదుటి పక్షాన్ని నవ్వులపాలు చేసినవాడిదే గెలుపు. బెల్లు కొట్టాక ఇద్దరూ కలిసి టీ తాగుతారు. ఎవరికీ ఏమీ పోదు. చీట్లు తీసి పక్షాలు పంచేవాళ్ళం, రేపు అటు ఉన్నవాడు ఇటు వస్తాడు. ఆ విద్యనే నీకు మడత పెట్టి పంపాను. వీధిలో ఎదుటి పక్షం చీటీ తీసి వచ్చింది కాదని, ఆ మనిషికి బెల్లు కొట్టరని నాకు తట్టలేదు. తట్టాల్సింది. "ఏమన్నాడు?" అని అడగడం తట్టింది గానీ, ఎప్పుడు? ఉపన్యాసం మెరుగుపెట్టడం పూర్తయ్యాక, చివరి వరసలో. అది మొదటి వరసలో ఉండాల్సిన ప్రశ్న.

చెయ్యాల్సినవి. పిల్లలకు మొత్తం చెప్పు, నీకు తెలిసినదానితో సహా. వాళ్ళకు ఇష్టమైతే ఇంకో అర్జీ రాయించు, ఆయన్ని తిరిగి తీసుకోమని. ఈసారి ఏ అలంకారమూ వద్దు. జరిగింది జరిగినట్టు.

ఆ తరువాత ఆయన ఇంటికి వెళ్ళు. పిల్లల్ని వెంటపెట్టుకుని కాదు. నువ్వు.

అమ్మమ్మ


మేడ మీది అద్దె గది,
చలి మొదలైన వారం

అమ్మమ్మకు,

పిల్లలకు చెప్పాను. బోర్డు మీద ఏమీ రాయకుండా, కుర్చీలో కూర్చుని చెప్పాను. అట్లాసు పిల్లాడు బల్ల మీద తల పెట్టేశాడు. గంట లేవలేదు, కూర్చునే అడిగింది.

"మీకు ముందే తెలుసా టీచర్?"

"తెలుసు."

"మరి మమ్మల్ని ఎందుకు నవ్వనిచ్చారు?"

తెల్లకాగితాలు తీసి వాళ్ళ ముందు పెట్టాను.

కొత్త అర్జీ వాళ్ళే రాశారు. ఐదు వాక్యాలు. వేళలు నిర్ణయించింది ఆఫీసు, ఆయన కాదు. ఆయన మమ్మల్ని ఎప్పుడూ గెంటలేదు. మేం రాసింది నిజం కాదు. దానివల్ల ఆయన పని పోయింది. తిరిగి ఇవ్వండి. నువ్వున్నా దిద్దడానికేమీ దొరకదు.

మొన్నటి వార్త రాసిన విలేకరి దగ్గరికి తీసుకెళ్ళాను. చదివి వెనక్కిచ్చాడు. "ఇందులో వార్తేముంది మేడం? మొన్నటి మీసాల తాళంలాంటిది ఇంకోటి చెప్పండి, బొమ్మతో సహా వేయిస్తా" అన్నాడు. అర్జీ నకలు గోడకు అంటించడానికి మందుల కొట్టతను ఈసారీ జిగురిచ్చాడు గానీ, "దీన్ని ఎవరు చదువుతారమ్మా?" అన్నాడు. పాత గోడపత్రికలు మేం చింపుకుంటూ వెళ్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు ఒకటి అడిగి పట్టుకెళ్ళారు, గదిలో పెట్టుకుంటారట.

ఫిర్యాదుల రోజున కమిషనరు ఆఫీసుకు వెళ్ళాం. గంట చదివింది. అమ్మమ్మా, ఆ పిల్ల గొంతు పక్క కుర్చీకి కూడా వినపడలేదు. రెండుసార్లు తడబడింది, మధ్యలో ఆగిపోయింది. నువ్వు నేర్పిన ఆగడం కాదు అది.

కమిషనరు దయగానే విన్నారు. "మంచి మనసమ్మా నీది" అన్నారు. "కానీ మొన్న ఇంతకన్నా బాగా మాట్లాడావు."

తరువాత నాతో అన్నారు: "మేడం, ప్రజలు అడిగారు, మేం చేశాం. మళ్ళీ మీరే వద్దంటే ఆఫీసు నవ్వులపాలవుతుంది. కొత్తతను చేరిపోయాడు, అతనికీ పిల్లలున్నారు. అతన్ని తీసెయ్యమంటారా?"

తీసెయ్యమని అనలేకపోయాను. అంతటితో అయిపోయింది. ఆయన పని ఇక తిరిగి రాదు.

బయటికొస్తుంటే మెట్ల కింద ఒకాయన కాగితాల సంచీతో నిలబడి ఉన్నాడు. ముందు పోల్చుకోలేదు. మీసం తీసేశాడు. పని చేసినట్టు ధ్రువపత్రం కోసం తిరుగుతున్నాడట. గంట పోల్చుకుంది. నేను పట్టుకునేలోపే మెట్లు దిగి ఆయన ముందు నిలబడింది.

"ఆ తాళం నేనే అన్నానండీ" అంది.

ఆయన ఆ పిల్ల వైపు వంగాడు. "నువ్వా? భలే కుదిరింది. మొదటిరోజు నేనూ నవ్వాను. మా ఆవిడైతే రెండు రోజులు నన్ను అలాగే పిలిచింది" అన్నాడు. తరువాత సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "మా మనవడి బడి గోడ మీద ఎవరో అంటించారమ్మా. వాడు నాతో కలిసి నడవడం మానేశాడు. అప్పట్నుంచి నవ్వు రావట్లేదు."

గంట ఏడ్చింది. "ఏడవకు, ఏడవకు. దీపాలు వెలుగుతున్నాయంటగా, వెళ్ళి చదువుకో" అన్నాడు.

నేను పైమెట్టు మీదే నిలబడిపోయాను. ఆయన ఒకసారి తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. బోర్డు మీద రాసిందే చేస్తానని నాకు చెప్పిన సంగతి కూడా గుర్తొచ్చి ఉంటుంది. నేను దిగలేదు. దిగుదామనే అనుకున్నాను. ఆయన సంచీ సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు, నా పక్కనుంచే.

ఆయన ఇంటికి వెళ్ళమన్నావు. వెళ్ళలేదు. బదులుగా ఆయనకు ఒక ఉత్తరం రాశాను, నాలుగు పేజీలు. ఇందులో పెడుతున్నాను. నీకు సరిగ్గా ఉందనిపిస్తే ఆయనకు పోస్టు చేస్తాను. దిద్ది పంపవూ?

నీ మనవరాలు


మీ ఊరి బస్టాండు, టీ కొట్టు బెంచీ

తల్లీ,

కంగారుపడకు. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు బాగాలేవు, నిజమే. పొద్దున బస్సుకు వచ్చాను, ఇంకో అరగంటలో ఉన్న బస్సుకు తిరిగి వెళ్ళిపోతాను. నీకు చెప్పకుండా వచ్చినందుకు మీ అమ్మ నన్ను తిడుతుంది, తిట్టనీ. ఈ కాగితం టీ కొట్టు పిల్లాడి చేత నీ గదికి పంపిస్తున్నాను.

నువ్వు ఆయనకు రాసిన ఉత్తరం దీనితోనే ఉంది. దిద్దలేదు. దిద్దడానికి ఏమీ లేదు, చాలా బాగా రాశావు. అందుకే పోస్టు చెయ్యొద్దంటున్నాను. రెండో పేజీ చదువుతుంటే నాకు నీ మీద జాలి కలిగింది. ఆయన మీద కలగాల్సిన జాలి నీ మీద కలిగింది. మనిద్దరికీ ఆ విద్య వేళ్ళల్లోకి పాకిపోయింది, క్షమాపణ రాసినా అది మన తరఫు వాదమే అవుతుంది.

పఠన మందిరంలో అడిగితే ఇల్లు చెప్పారు. నేను వెళ్ళాను. ఆయన భార్య తలుపు సగమే తీసింది. "బడివాళ్ళా?" అంది. "ఆ టీచరు అమ్మమ్మను. ముఖం పెట్టమని చెప్పింది నేనే" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. లోపలినుంచి ఆయన, "రానీవే, పెద్దావిడ నిలబడి ఉంది" అన్నాడు. కుర్చీ వేశాడు. దారంతా నెమరువేసుకుంటూ తెచ్చుకున్న మాటలు ఒక్కటి కూడా వాడలేదు. నా వాటా ఏమిటో చెప్పాను. మూడు వాక్యాలు పట్టింది. తరువాత ఆయన మాట్లాడాడు, నేను విన్నాను. అన్నేళ్ళు వక్తృత్వం నేర్పినదాన్ని, మధ్యలో ఒక్కసారి కూడా నోరు విప్పకుండా ఒక మనిషి చెప్పింది పూర్తిగా విన్నది ఇదే మొదటిసారేమో.

ఆయన ఏమన్నాడని అడగకు. అది ఆయన నాకు చెప్పింది. నీకు చెప్పాల్సింది ఆయన దగ్గర వేరే ఉంది. దాన్ని నేను మోసుకురాలేను.

నీ గదికి ఎందుకు రాలేదంటావా? వస్తే నువ్వు నా చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి వస్తావు. అక్కడ నీ బదులు నేను మాట్లాడేస్తాను, నువ్వు పక్కన తల దించుకుని కూర్చుంటావు. అది కుదరదు.

నీ గది నుంచి దూరమేమీ కాదు. పఠన మందిరం వెనక సందులోకి తిరిగితే కుట్టుమిషన్ల రిపేరు షాపు, దాని పై వాటా. మెట్లు ఇరుకుగా ఉన్నాయి, చూసుకుని ఎక్కు. ఏం చెప్పాలో రాసి పెట్టుకోకు. ఎప్పుడు వెళ్ళాలా అని కూడా ఆలోచించకు.

పగలు ఎప్పుడు వెళ్ళినా ఆయన ఇంట్లోనే ఉంటాడు.

అమ్మమ్మ